చంటిపిల్లతో వచ్చిన వాళ్లకి ఎవరైనా తలుపు తీస్తారు. ఆ తర్వాత సంగతి ఏంటి?

పోస్ట్ కొంచెం పెద్దదే. మెస్ లైన్‌లో నిలబడి చదివినా పర్లేదు గానీ, మొత్తం చదివాకే కామెంట్ పెట్టండి.

విదేశాల నుంచి మిషనరీ కుటుంబాలు ఆదివాసీల దగ్గరికి వచ్చిన సంగతి ఎప్పుడు ఎత్తినా మనలో రెండే మాటలు వినపడతాయి. "వాళ్లు రాకపోతే మనకి బడి లేదు, మందు లేదు" అని ఒకరంటారు. "వాళ్లొచ్చాకే మన పండగలు, మన వేల్పులు పోయాయి" అని ఇంకొకరంటారు. గంటల తరబడి కొట్లాట నడుస్తుంది. గమనించారో లేదో, ఇద్దరూ మాట్లాడేది వచ్చినవాళ్ల గురించే, వాళ్లు మంచోళ్లా చెడ్డోళ్లా అనే. వాళ్లు ఎవరి ఇంటికి వచ్చారో ఆ ఇంటివాళ్లు ఏమనుకున్నారు, ఏం అడిగారు, ఏం పోగొట్టుకున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. నా పోస్ట్ దాని గురించే. అందుకు ఒక నిజమైన కథ తీసుకుంటున్నా. అందులో ఒక మూడేళ్ల పాప ఉంది.

దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అని చిన్న దేశం ఉంది. తూర్పు వైపంతా అమెజాన్ అడవి. అక్కడ వావొరాని అనే ఆదివాసీలు ఉంటారు. వాళ్ల భాషలో ఆ మాటకి "మనుషులు" అని అర్థం. చుట్టుపక్కల వాళ్లు మాత్రం వాళ్లని "ఔకా" అనేవాళ్లు. అది కిచువా భాష మాట, అడవి మనుషులు, క్రూరులు అని అర్థం. అమెరికా నుంచి వచ్చిన ఐదుగురు యువ మిషనరీలు తమ పనికి పెట్టుకున్న పేరు కూడా "ఆపరేషన్ ఔకా" అనే. మనల్ని "కొండోళ్లు" అని పిలిచి, తర్వాత మన మంచి కోసమే వచ్చామని చెప్పినట్టు ఉంటుంది.

ఆ ఐదుగురూ పెళ్లైనవాళ్లు. నలుగురికి చిన్న పిల్లలు. వాళ్లలో నేట్ సెయింట్ అనే పైలట్ ఉండే ఊరి పేరు షెల్. అవును, పెట్రోల్ కంపెనీ షెల్ పేరే. ఆ కంపెనీ అక్కడ చమురు కోసం వెతికి, క్యాంపు కట్టి, వావొరానీల ఈటెలకి మనుషుల్ని కూడా పోగొట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఊరికి పేరు మిగిలింది. చమురు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1955 చివర్లో నేట్ సెయింట్ చిన్న విమానంలో వావొరాని ఇళ్ల మీద తిరుగుతూ, తాడుకి కట్టిన బకెట్‌లో కానుకలు దింపేవాడు. కిందవాళ్లు కూడా అదే తాడుకి తిరిగి కానుకలు కట్టి పంపారు. 1956 జనవరిలో ఐదుగురూ కురరాయ్ నది ఇసుకలో దిగారు. మూడు రోజుల తర్వాత ఒక వావొరాని మగాయన, ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఆయన విమానం కూడా ఎక్కాడు. పేరు తెలియదు కాబట్టి మిషనరీలు ఆయనకి "జార్జ్" అని పెట్టారు. ఆయన అసలు పేరు నెంకివి. ఇంకో రెండు రోజులకి, జనవరి 8న, ఐదుగురూ ఈటెలకి బలయ్యారు. దగ్గర తుపాకులున్నా వావొరానీల మీద వాడకూడదని వాళ్లు ముందే అనుకున్నారు. ఆ మాట ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల తర్వాత వావొరానీలు తమ వైపు కథ చెప్పారు. వాళ్లలో వాళ్లకి అప్పటికే గొడవ నడుస్తోందట. నెంకివి తన మీద కోపంగా ఉన్నవాళ్ల నుంచి తప్పించుకోవడానికి, తెల్లవాళ్లే తమ మీద పడ్డారని అబద్ధం చెప్పాడట. అంతకు ముందు రబ్బరు కోసం వచ్చినవాళ్లు వాళ్ల జనాన్ని బానిసలుగా పట్టుకుపోయిన చరిత్ర ఎలాగూ ఉంది. కాబట్టి అబద్ధం నమ్మడం కష్టమేం కాలేదు.

ఈ వార్త అమెరికా అంతా పాకింది. లైఫ్ మ్యాగజైన్ ఫొటోలు వేసింది. ఐదుగురు భార్యలు, తండ్రి లేని పిల్లలు. అది చూసి ఎవరికైనా గుండె కరుగుతుంది. నాకూ కరిగింది. చనిపోయిన జిమ్ ఎలియట్ కూతురు వాలరీకి అప్పుడు పది నెలలు.

ఇప్పుడు అసలు విషయం. 1958లో జిమ్ భార్య ఎలిజబెత్, మూడేళ్ల వాలరీని తీసుకుని, నేట్ సెయింట్ అక్క రేచల్‌తో కలిసి ఆ వావొరానీల మధ్యే ఉండటానికి వెళ్లింది. భర్తని చంపినవాళ్ల ఊరికి, పసిపిల్లతో. ఆకుల కప్పు కింద, గోడల్లేని ఇంట్లో ఉన్నారు. వాలరీ అక్కడి పిల్లలతోనే ఆడుకుంది, వాళ్ల భాష నేర్చుకుంది. ఆ తల్లి ధైర్యాన్ని, క్షమాపణని నేను తక్కువ చేయను. ఏ మతంవాళ్లకైనా అది పెద్ద మనసే.

అయితే తలుపు తీసింది ఎవరు? దయూమా అనే వావొరాని ఆడమనిషి. చిన్నప్పుడు తమవాళ్ల మధ్య చంపుకోవడాలకి భయపడి అడవి నుంచి పారిపోయింది. ఒక పెద్ద భూస్వామి ఎస్టేట్‌లో కూలి చేసి బతికింది. రేచల్‌కి వావొరాని భాష నేర్పింది ఆమే. 1958లో తిరిగి ఊరికి వెళ్లి, "వీళ్లు మిమ్మల్ని తినడానికి రావట్లేదు, రానివ్వండి" అని తనవాళ్లని ఒప్పించింది కూడా ఆమే. దయూమాకీ ఒక కొడుకున్నాడు. వాలరీ పేరు పుస్తకాల్లో ఉంది, ఫొటోల్లో ఉంది. దయూమా కొడుకు పేరు మనలో ఎంతమంది విన్నారు?

తుపాకీతో వచ్చిన మగవాళ్లని చూస్తే ఈటె లేస్తుంది. చంటిపిల్లతో వచ్చిన తల్లిని చూస్తే నీళ్లిస్తాం, కూర్చోమంటాం. ఇది వావొరానీలకే కాదు, మన గూడెంలోనూ అంతే. మిషన్ కుటుంబాల్లో పిల్లలు ఉండటం వల్ల జరిగేది ఇదే. వాళ్లు కావాలని పిల్లల్ని వాడుకున్నారని నేను అనట్లేదు. పిల్లలు పక్కనుంటే మనం ప్రశ్నలు అడగలేం, అంతే. అతిథి మంచితనం చూసి, అతిథి వెనకాల ఏం వస్తుందో చూడటం మర్చిపోతాం.

వెనకాల ఏం వచ్చిందో చూడండి. ఎలిజబెత్ కొన్నేళ్లకి పాపతో వెళ్లిపోయింది. రేచల్ మాత్రం 1994లో చనిపోయేదాకా వావొరానీల దగ్గరే ఉంది. 1967లో ఈక్వడార్ అడవిలో టెక్సాకో కంపెనీకి చమురు దొరికింది. కంపెనీ మనుషులకీ, అడవిలో దూరంగా ఉన్న మిగతా వావొరాని గుంపులకీ కొట్లాట జరిగి ప్రాణాలు పోతాయని మిషన్ ఆ గుంపుల్ని తివేనో అనే చోటికి రప్పించింది. ఉద్దేశం ప్రాణాలు కాపాడటమే కావచ్చు. కానీ అటు అడవి ఖాళీ అయ్యి చమురు వెతికేవాళ్లకి దారి సులువైంది. ఇటు ఒకే చోట జనం ఎక్కువై తిండి, వేట చాలలేదు. 1969లో పోలియో వచ్చింది. 16 మంది చనిపోయారు, దాదాపు అంతమందికే కాళ్లు చేతులు పడిపోయాయి. అదే ఏడాది ప్రభుత్వం "ఇది మీ రిజర్వ్" అని కొంత నేల గీత గీసి ఇచ్చింది. వాళ్లు తరతరాలుగా తిరిగిన నేలలో అది పదో వంతు కూడా లేదు.

చివరికి రేచల్ పనిచేసే సంస్థే, వావొరానీలు బయటవాళ్ల మీద మరీ ఆధారపడిపోతున్నారా అని చూడటానికి తమ మానవశాస్త్రవేత్తనే 1970లలో పంపించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత సంస్థకీ ఆమెకీ కుదరలేదు, ఆమె బయటికొచ్చి సొంతంగా అక్కడే ఉండిపోయింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగం కథే చెప్పినట్టు. వావొరానీల మధ్య పగలు చాలా ఘోరంగా ఉండేవి. తరాల తరబడి ఒకరినొకరు ఈటెలతో చంపుకున్నారు. ఆ చంపుకోవడం ఆగాలని వాళ్లే కోరుకున్నారు. మిషన్ వచ్చాక అది బాగా తగ్గిందని వాళ్లే చెప్తారు. నేట్ సెయింట్ కొడుకు స్టీవ్, తండ్రిని చంపినవాళ్లలో ఇద్దరి చేతుల మీదుగా 1965లో అదే కురరాయ్ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1995లో తన భార్యాపిల్లలతో వాళ్ల దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉన్నాడు. చంపినవాళ్లలో ఒకడైన మింకాయే, ఆ పిల్లలకి తాతలాంటివాడయ్యాడు. ఇది నిజంగా జరిగింది. దీన్ని "బ్రెయిన్ వాష్" అని కొట్టిపారేస్తే మింకాయేకి సొంత బుర్ర లేదని చెప్పినట్టే. అలా అనే హక్కు మనకి లేదు. ఆదివాసీ ఏ నిర్ణయం తీసుకున్నా దాని వెనక ఇంకెవరో ఉన్నారని అనడం మనల్ని చిన్నపిల్లల్లా చూడటమే.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. వచ్చినవాళ్లు మంచివాళ్లయితే చాలదు. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నదే కొలత. పగ ఆపాలని వావొరానీలు తీసుకున్న నిర్ణయం వాళ్లది, అది నిలబడింది. ఎక్కడ ఉండాలి, ఎంత నేల చాలు, చమురు తియ్యాలా వద్దా అన్నవి వాళ్ల తలమీద పడిన నిర్ణయాలు. అవే వాళ్లని ముంచాయి.

తర్వాతి తరం ఏం చేసిందో చూడండి. నెమోంతే నెంకిమో అని ఒక వావొరాని అక్క ఉంది. చిన్నప్పుడు మిషన్ ప్రభావంలోనే పెరిగింది. పెద్దయ్యాక తనవాళ్లని కూడగట్టి, తమని సరిగ్గా అడగకుండానే తమ అడవిని చమురు వేలంలో పెట్టారని ప్రభుత్వం మీద కోర్టుకెళ్లింది. 2019 ఏప్రిల్‌లో పూయో పట్నంలో కోర్టు వావొరానీల వైపు తీర్పు ఇచ్చింది. సుమారు 1,80,000 హెక్టార్ల అడవి వేలం నుంచి బయటపడింది. 2023 ఆగస్టులో యసునీ అడవిలో ఒక బ్లాక్ చమురు భూమిలోనే ఉండాలని ఈక్వడార్ ప్రజలు దాదాపు 59 శాతం ఓటేశారు. ఆ పోరాటంలో చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఇక అసలు ఎవరితోనూ కలవమని అడవి లోపలే ఉండిపోయిన తగాయేరి, తరొమెనానే గుంపులు ఈ రోజుకీ ఉన్నాయి. అది కూడా ఒక నిర్ణయమే.

ఇది మనకెందుకు అంటారా? మనకీ అలాంటి తీర్పే ఉంది. అనంతగిరి మండలం నుంచి మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులు ఇవ్వకూడదని చెప్పింది. 1996 నుంచి పెసా చట్టం ఉంది, గ్రామసభకి బలం ఇచ్చింది. కానీ మన ఊళ్లలో గ్రామసభ రిజిస్టర్‌లో సంతకాలు ఎలా పడతాయో మీకు తెలుసు. మనం మాత్రం చర్చి, గుడి అని గొడవపడుతూ ఉంటాం. మా ఇంట్లో మేనత్త ఆదివారం ప్రార్థనకి వెళ్తుంది, నాన్న భూమి పండగలో ముందుంటాడు. పోడు పట్టా రాలేదు అన్న బాధ ఇద్దరిదీ ఒకటే. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లని విడగొడితే లాభం ఎవరికో ఆలోచించండి. ఈ మధ్య "మతం మారినవాళ్లని ఎస్టీ లిస్టు నుంచి తీసేయాలి" అని కూడా మొదలుపెట్టారు. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మతం షరతే లేదు. అది తీసుకొస్తే పోయేది మన హాస్టల్ సీట్లు, మన స్కాలర్‌షిప్పులు. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. ఆ మెట్టు ఎంత పెళుసుదో నాకు తెలుసు.

అందుకే మన ఊరికి ఎవరొచ్చినా, విదేశీ కుటుంబం కావచ్చు, సిటీ నుంచి భజన బృందం కావచ్చు, ఎన్జీవో కావచ్చు, కంపెనీవాళ్ల హెల్త్ క్యాంపు కావచ్చు, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి నాలుగు మాటలు అడుగుదాం.

ఒకటి, గ్రామసభలో చెప్పి వచ్చారా?
రెండు, మా పిల్లల ఫొటోలు ఎవరికి చూపిస్తారు? తల్లిదండ్రుల్ని అడిగారా?
మూడు, మీరు మొదలుపెట్టిన బడి, మందు మీరు వెళ్లిపోయాక ఎవరు నడుపుతారు?
నాలుగు, మేం "వద్దు" అంటే ఆగుతారా?

నిజంగా మన మంచి కోరి వచ్చినవాళ్లకి ఈ ప్రశ్నలకి కోపం రాదు. వాళ్ల పక్కన చంటిపిల్ల ఉంటే ఆ పిల్లని ఎత్తుకుందాం, ముద్దు చేద్దాం, మన పిల్లలతో ఆడుకోనిద్దాం. ప్రశ్నలు మాత్రం అడుగుదాం. ఎత్తుకోవడానికి చేతులు, అడగడానికి నోరు, రెండూ మనకున్నాయి.

ఒప్పుకోని వాళ్లు కామెంట్స్‌లో రాయండి, చదువుతా. మతాల్ని, మనుషుల్ని తిట్టకుండా రాయండి, అంతే.

జై ఆదివాసీ.
— డిగ్రీ సెకండ్ ఇయర్, గిరిజన హాస్టల్