‘ఇంక ఆ బిళ్ళలు మానెయ్’ అనేముందు...

మన ఇళ్ళల్లో అత్తగారు రోజూ బి.పి. బిళ్ళ వేసుకుంటే ఎవరికీ పట్టదు. మామగారి షుగరు మందు అయిపోతే కొడుకు పరిగెత్తుకెళ్ళి తెస్తాడు. అదే కోడలు ఆందోళన తగ్గడానికి రాత్రిపూట ఒక చిన్న బిళ్ళ వేసుకుంటోందని తెలిస్తే మాత్రం ఇంటిల్లిపాదీ డాక్టర్లే! ‘‘ఇంకా ఎన్నాళ్ళే అమ్మా ఆ నిద్ర బిళ్ళలు? మనసు గట్టి చేసుకో, అదే తగ్గిపోద్ది’’ అంటారు. ఆ మాటలు పడలేక ఆవిడ ఒక రాత్రి పట్టుదలగా మానేస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలు.

మా నౌపడ వైపు ఈ కథ చాలాసార్లు విన్నాను. ఉప్పు మడుల పక్కన చిన్న ఊరు మాది. జ్వరమొస్తే టెక్కలి వెళ్తాం. కానీ ‘నరాల డాక్టరు’ దగ్గరికంటే నలుగురికీ తెలియకూడదని శ్రీకాకుళమో, విశాఖపట్నమో రైలెక్కేవాళ్ళే ఎక్కువ. ఒకసారి రాయించుకొచ్చిన చీటీ మీదే నెలలు గడుస్తాయి. ఆ చీటీ పోతుంది, లేదా చేతిలో డబ్బులుండవు, లేదా పెళ్ళిచూపులు కుదురుతాయి. మగపెళ్ళివారి కంట పడతాయేమోనని కూతురి బిళ్ళలు తల్లే తీసి పెంటకుప్పలో పారేసిన ఇల్లు నేనెరుగుదును. మూడోరోజుకి ఆ పిల్లకి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, కంటి మీద కునుకు లేదు. వంటింట్లో గిన్నె కింద పడితే గుండె పట్టుకుని ఏడ్చేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నాలుగోరోజు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘‘ఏ మందు ఆపారు?’’ అని.

ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్, క్లోనజిపామ్, లోరాజిపామ్... పేర్లు వేరైనా అన్నీ ఒకే కుటుంబం. మెదడులో ‘గాబా’ అనే రసాయనం మన ఉద్రేకానికి బ్రేకులా పనిచేస్తుంది. ఈ మందులు ఆ బ్రేకుకి బలమిస్తాయి. కొన్ని వారాలు వాడేసరికి మెదడు ఆ సాయానికి అలవాటుపడి, సొంతంగా బ్రేకు వెయ్యడం తగ్గించుకుంటుంది. అప్పుడు మందు హఠాత్తుగా తీసేస్తే ఏమవుతుంది? ఘాట్‌రోడ్డు మీద బ్రేకు ఊడిన బస్సే. ఆల్ప్రాజోలామ్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే తెలుస్తుంది. డయాజిపామ్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది కాబట్టి వారం దాకా ఏమీ ఉండకపోవచ్చు. ‘మానేశాను, ఏమైంది?’ అని ధీమాగా ఉన్న సమయానికి పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళేమో పాత జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. గాలి, ధూళి అనేవాళ్ళు సరేసరి.

ఇది మందుల షాపు గుమ్మం దాటని విషయం కూడా కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం క్యూ కట్టారు. తెలంగాణలో చాలాచోట్ల కల్తీ కల్లులో కలిపేది ఈ ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్‌లనే. డాక్టరు చీటీ రాస్తే వేసుకున్నా, తెలియకుండా కల్లులో తాగినా ఒంటికి తేడా ఏముంటుంది?

ఇవి జీవితాంతం వాడమని నేననడం లేదు. నిజానికి చాలామందికి ఇవి కొద్ది వారాల మందులే. ఏళ్ళ తరబడి వేసుకుంటే మతిమరుపు వస్తుంది, పెద్దవాళ్ళు తూలి పడి ఎముకలు విరగ్గొట్టుకుంటారు. పేషెంటు మొహం కూడా చూడకుండా పాత చీటీ మీదే మళ్ళీ మళ్ళీ రాసిచ్చే డాక్టర్లని నేను వెనకేసుకురాను. మానాల్సిందే, కానీ మెల్లగా! 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం మొదట మోతాదులో నూటికి 5 నుంచి 10 వంతులు మాత్రమే తగ్గించి, రెండు నుంచి నాలుగు వారాలు ఆగి చూడాలి. అంటే ఏళ్ళుగా వాడినవారికి నెలలు పట్టే పని. ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి. బిళ్ళని కత్తిపీటతో ముక్కలు చేసుకుని సొంత వైద్యం చేసుకోవద్దు. కడుపుతో ఉన్నామని తెలిసిన రోజే భయపడి ఆపేసే అమ్మాయిలకి కూడా ఇదే మాట. ముందు డాక్టరుకి ఫోను చెయ్యండి.

చీటీ లేనిదే ఇవ్వననే షాపతన్ని తిట్టుకోకండి. 2014 నుంచి ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్ వంటివి అమ్మితే డాక్టరు పేరు, పేషెంటు పేరు విడిగా రిజిస్టర్లో రాయాలని చట్టం. కాబట్టి చీటీని రేషన్‌కార్డులా దాచుకోవాలి, పది రోజుల మందు ఉండగానే మళ్ళీ చూపించుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, దారులు లేవు. అలాంటి రోజుల్లో బియ్యం, కొవ్వొత్తులతోపాటు ఈ బిళ్ళలూ ఇంట్లో ఉండాలి.

ఇప్పటికే ఆపేసి అవస్థ పడుతుంటే టెలీ మానస్ నంబరు 14416కి చెయ్యండి. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఫిట్స్ వచ్చినా, మనిషి లేనివి చూస్తూ పొంతన లేకుండా మాట్లాడినా 108ని పిలవండి. ఏ బిళ్ళ, ఎన్నాళ్ళుగా వేసుకున్నారు, ఏ రోజు ఆపారు అన్నది డాక్టరుకి చెప్పండి. చెత్తబుట్టలో ఖాళీ స్ట్రిప్పు ఉంటే ఏరి వెంట తీసుకెళ్ళండి.