ఇక్కడొకరు, అక్కడొకరు

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరవాత చాలా ఏళ్ళపాటు మాదాపూర్ నుంచి విమానమెక్కిన వాళ్ళలో ఎక్కువమంది వెనక ఒక కంపెనీ ఉండేది. టికెట్టు, మొదటి రెండు వారాల బస, పన్ను లెక్కలు చెప్పే మనిషి, ఎయిర్‌పోర్టుకు కారేసుకొచ్చే సీనియరు, అన్నీ ఆన్‌సైట్ ఉద్యోగంతోపాటే వచ్చేవి. ఇప్పుడు ఆ దారి ఇరుకైంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, నన్ను సలహా అడిగే పిల్లల ప్రశ్నలు మారిపోయాయి. జర్మనీ ఎలా ఉంటుంది, నెదర్లాండ్స్ సంగతేమిటి, ఉద్యోగం చేతిలో లేకుండా వెళ్ళి వెతుక్కోవచ్చా అంటున్నారు. ఎవరూ పంపడం లేదు. వీళ్ళే వెళుతున్నారు, ఒంటరిగా.

వాళ్ళు అడిగేదంతా వీసా గురించే. దానికి సమాధానాలు దొరుకుతాయి. నేను మాత్రం రెండు ప్రశ్నలు ఎదురు అడుగుతాను. మీరు లేనప్పుడు మీ తరఫున ఇక్కడ సంతకం పెట్టేదెవరు? అక్కడ మీరు రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే వచ్చి తలుపు కొట్టేదెవరు? ఈ రెండింటికీ పేర్లు చెప్పలేనివాళ్ళు ఇంకా ప్రయాణానికి సిద్ధం కాలేదనే అంటాను.

జర్మనీ సంగతే చూద్దాం. 2024 జూన్ 1 నుంచి ఆ దేశం ఆపర్చునిటీ కార్డు ఇస్తోంది. చదువు, అనుభవం, భాష, వయసులాంటివాటికి పాయింట్లు కలిపి ఆరు వస్తే, ఏడాదిపాటు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఈలోగా వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు. 2025 లెక్క ప్రకారం నెలకు 1,091 యూరోల చొప్పున డబ్బు ఉన్నట్టు చూపాలి. ఇంతవరకూ అందరికీ తెలుసు. దిగాక మొదలయ్యే చిక్కు మాత్రం చాలామందికి తెలియదు. అద్దె ఇంట్లో చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆ నమోదు లేకపోతే పన్ను నంబరు దగ్గర్నుంచి బ్యాంకు ఖాతా దాకా చాలా పనులు ఆగిపోతాయి. తాత్కాలికంగా గది ఇచ్చేవాళ్ళు కొందరు ఆ కాగితం ఇవ్వరు. గది బుక్ చేసేముందే ఆ ఒక్క మాట రాతపూర్వకంగా అడిగి తీరాలి. అడ్వాన్సు కింద యజమాని మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. ఇక్కడ మీ సిబిల్ స్కోరు ఎంత గొప్పదైనా అక్కడి యజమానికి దానితో పని లేదు. అదే ఊళ్ళో మీకు హామీగా నిలబడే మనిషి ఒకరుంటే ఈ పని చాలా సులువవుతుంది. బంజారాహిల్స్‌లోని గోథె జెంట్రమ్‌లో జర్మన్ నేర్చుకుంటున్నవాళ్ళు ఏ ఊరికి వెళుతున్నారో ఇప్పుడే కనుక్కోండి. క్లాసులో పక్క బెంచీ మనిషే రేపు ఆ మనిషి కావచ్చు.

ఇక ఇక్కడి సంగతి. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

రాజీనామా పత్రం ఇచ్చే ముందు ఒక్క కాగితం తీసి చదవండి: కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా. ఐటీ కారిడార్‌లోని చాలా కంపెనీల పాలసీల్లో అమ్మానాన్నల పేర్లూ ఉంటాయి. సాధారణంగా మీ ఆఖరి పనిదినంతో ఆ రక్షణ ముగుస్తుంది. ఖమ్మంలోనో గుంటూరులోనో ఉన్న అరవై దాటిన నాన్నకు షుగరూ బీపీ ఉంటే, కొత్తగా తీసుకునే పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ళ దాకా ఎదురుచూపు ఉండొచ్చు. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే అడగాలి. విమానం టికెట్టు కంటే ముందు చూసుకోవలసిన పని ఇది. కొడుకో కూతురో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన నెలకే నాన్నను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, అడ్మిషన్ కౌంటరు దగ్గర పాలసీ కార్డుతో నిలబడేదెవరు? ఆ మనిషి బాబాయి కావచ్చు, పక్కింటి ఆంటీ కావచ్చు. ఎవరైనా ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి. డబ్బు ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో ఆ మనిషికి తెలియాలి.

తరవాత ఫోన్ నంబరు. బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను, పీఎఫ్ అన్నీ ఒకే సిమ్‌కు వేలాడుతున్నాయి. 90 రోజులు వాడకం లేకపోతే ఆ నంబరు రద్దయ్యే వీలుంది. రోమింగ్ ఆన్ చేసుకుని, రీఛార్జి తేదీ ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళండి. ఓటీపీ రాక సొంత డబ్బునే తాకలేకపోవడం పరాయి దేశంలో చాలా భయపెట్టే సంగతి. ఉద్యోగానికి వెళ్ళి అక్కడ స్థిరపడితే మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చాలి. అది చట్టం. చాలామంది ఏళ్ళ తరబడి పట్టించుకోరు.

పన్ను లెక్కలో ఒక తేదీ గుర్తుంచుకోండి. ఉద్యోగం కోసం దేశం విడిచే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులకంటే తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్ అవుతాడు. అంటే సెప్టెంబరు చివరి వారంలోపు వెళ్ళినవాళ్ళకు అక్కడి జీతం ఇక్కడి పన్ను లెక్కలోకి రాదు. అక్టోబరులో వెళ్ళినవాళ్ళకు ఆ ఏడాదికి వస్తుంది. రెండు దేశాల ఒప్పందం కింద ఊరట ఉన్నా కాగితాల పని తప్పదు.

తెల్లాపూర్‌లోనో కొల్లూరులోనో ఫ్లాటు కడుతూ ఉంటే, రిజిస్ట్రేషన్ నాటికి మీరు ఇక్కడ ఉండరు. పవర్ ఆఫ్ అటార్నీ వెళ్ళకముందే రాయించండి. ఆ ఒక్క ఫ్లాటుకే, ఆ ఒక్క పనికే పరిమితంగా రాయించండి. అక్కడికి వెళ్ళాక రాస్తే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

అమ్మాయిలకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: ఒక్కదానివే ఎలా ఉంటావే? కొండాపూర్ హాస్టళ్ళలో, గచ్చిబౌలి పీజీల్లో ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికిన పిల్లలు వీళ్ళు. నైట్ షిఫ్టు క్యాబులు, అడ్వాన్సు తిరిగివ్వని ఓనర్లు, అన్నీ చూశారు. అయినా తల్లి భయాన్ని నేను కొట్టిపారేయను. విజయవాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గచ్చిబౌలిలో దిగగలదు. మ్యూనిక్‌లో అలా దిగడం కుదరదు. ఆ భయానికి పెళ్ళి జవాబు కాదు. అక్కడి మనిషి పేరు, ఫోన్ నంబరు అమ్మ చేతిలో పెట్టడమే జవాబు. కొడుకు వెళ్ళేటప్పుడూ ఇదే అడగాలి. మన ఇళ్ళలో అబ్బాయిలను అడగం, అది తప్పు.

కంపెనీ అండ లేనివాళ్ళ మీదే మోసగాళ్ళ కన్ను. థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలంటూ ఐటీ కుర్రాళ్ళను తీసుకెళ్ళి మయన్మార్‌లో సైబర్ మోసాల స్థావరాల్లో బంధిస్తున్నారని 2022 సెప్టెంబరులోనే విదేశాంగ శాఖ హెచ్చరించింది. అక్కడ చిక్కినవాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. టూరిస్టు వీసా మీద ఉద్యోగమంటే వెళ్ళొద్దు. ఏజెంటు పేరు ఆ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. విదేశీ ఉద్యోగాలకు తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, అక్కడ అడగండి. ఇక అనుభవం లేకుండానే అనుభవ పత్రం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల గడప తొక్కొద్దు. పరాయి దేశంలో అది బయటపడితే ఆదుకునేవాళ్ళుండరు.

చివరగా, తిరుగు టికెట్టుకూ, ఇక్కడికి వచ్చాక మూడు నెలల ఖర్చుకూ సరిపోయే డబ్బు విడిగా పెట్టండి. దాన్ని దేనికీ తాకొద్దు. ఏ నెలదాకా వెతుకుతారో కూడా వెళ్ళే ముందే తేల్చుకోండి. ఆ నెల ఏదో ఇక్కడి మనిషికీ అక్కడి మనిషికీ చెప్పి విమానమెక్కండి.