తిమ్మిరి ఏ వేలికి?



"చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయండీ, నరాల బలహీనత అంటున్నారు, ఏ మందు వాడమంటారు?" అన్నది ఈ శీర్షికకు మాటిమాటికీ వచ్చే ప్రశ్న. అడిగేవారిలో ఎక్కువమంది స్త్రీలే. శిరివెళ్ల ప్రాంతంలో కె.సి. కాలువ క్రింద వరినాట్లు వేసే తల్లులు, మిరపకోతకు వెళ్లే అక్కలు, ఇంటిలో మిషను కుట్టే సోదరీమణులు, ఆళ్లగడ్డలో రాయి చెక్కే శిల్పులు, వీరందరిదీ చేతుల మీద బ్రతుకు. చెప్పే తీరు మాత్రం ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. ఒకరు జోము పట్టిందంటారు, ఒకరు చీమలు ప్రాకినట్లుందంటారు, మరొకరు భుజం నుండి చెయ్యంతా పీకుతోందంటారు. విన్నవారు మాత్రం అందరికీ ఒకే జవాబు చెప్పి పంపేస్తారు: వాతం, లేకపోతే నరాల బలహీనత. వెంటనే బలానికి ఒక సూది.

నరాల బలహీనత అనే పేరుతో జబ్బు ఏదీ లేదు. నరం ఎక్కడో ఒకచోట నలుగుతూ ఉండాలి, లేదా దానికి పోషణ చాలకపోవాలి, లేదా చక్కెర, సారాయి, క్రిమి వంటిదేదో దాన్ని తినివేస్తూ ఉండాలి. వీటిలో ఏది అన్నది తెలియకుండా పొడిచే సూది చీకట్లో రాయి విసరడం వంటిది. తెలుసుకోవడానికి మొట్టమొదట పెద్ద యంత్రాలు అక్కరలేదు. తిమ్మిరి ఏ వేలికి? ఏ వేళలో? ఒక చేతికా, రెండు చేతులకా? నొప్పి ఉన్నదా, లేదా? ఈ నాలుగు ప్రశ్నలకు మీరు సరియైన జవాబు చెప్పగలిగితే డాక్టరుగారి పని సగం మీరే చేసినట్లు.

మెడ ఎముకల మధ్య నుండి బయలుదేరే నరాలు చంక మీదుగా దిగి, మూడు ముఖ్యమైన త్రాళ్లుగా వేళ్ల చివరి వరకు వస్తాయి. స్తంభం దగ్గర తీగ తెగినా ఆరిపోయేది మన ఇంటి దీపమే గదా! అలాగే మెడ దగ్గర నలిగినా, మోచేతి దగ్గర నలిగినా, మణికట్టు దగ్గర నలిగినా ఫిర్యాదు చేసేది వేలే. అయితే ఏ వేలు అన్నదానిలోనే గుట్టు ఉన్నది.

బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు, ఉంగరపువ్రేలిలో సగం తిమ్మిరెక్కుతూ, ముఖ్యంగా అర్ధరాత్రి మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతున్నదా? అయితే చాలామట్టుకు మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నదన్నమాట. దీనిని కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టులో క్రింద ఎముకలు, పైన గట్టి పట్టీ, ఆ ఇరుకు సందులో తొమ్మిది స్నాయువులు, వాటి మధ్య ఈ ఒక్క నరం. పనిచేసి చేసి స్నాయువుల పొర వాచిందంటే మొదట నలిగేది నరమే. నిద్రలో మణికట్టు వంచి పడుకుంటాము కాబట్టి రాత్రిపూట బాధ ఎక్కువ. నారు పట్టి గుచ్చడం, గేదె పాలు పితకడం, బట్టలు పిండడం, చపాతీలు వత్తడం, ఇవన్నీ ఆ సందును శ్రమపెట్టే పనులే. గర్భిణులలోను, థైరాయిడ్ తక్కువైనవారిలోను, చక్కెర వ్యాధి ఉన్నవారిలోను ఇది ఎక్కువ. 1950లలో అమెరికాలో జార్జి ఫేలెన్ అనే చేతి శస్త్రవైద్యుడు చెప్పిన పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చును. రెండు అరచేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు క్రిందికి వ్రేలాడేటట్లు మణికట్లు వంచి ఒక్క నిమిషం ఉంచండి. ఆ వేళ్లలో తిమ్మిరి వస్తే అనుమానం బలపడినట్లే. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకొని పడుకుంటే చాలామందికి సుఖం దొరుకుతుంది. గర్భిణులకు కాన్పు తరువాత సాధారణంగా దానంతటదే తగ్గిపోతుంది. తగ్గనివారికి మణికట్టులో ఒక ఇంజెక్షను, దానికీ లొంగకపోతే ఆ పట్టీని కోసి సందు వెడల్పుచేసే చిన్న ఆపరేషను ఉన్నాయి. అయితే బొటనవ్రేలి మొదట్లో ఉండే కండ కరిగి గుంట పడుతున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా ఇక ఆలస్యం చేయరాదు.

తిమ్మిరి మెడ నుండి మొదలై, తల ఒక ప్రక్కకు త్రిప్పినప్పుడు గానీ దగ్గినప్పుడు గానీ చెయ్యి పొడవునా కరెంటు కొట్టినట్లు దిగుతున్నట్లయితే మెడపూసలను అనుమానించాలి. తల మీద గంపలు, గడ్డిమోపులు మోసి మోసి అరిగిన మెడలు మన పల్లెలలో తక్కువా? వీటిలో చాలా భాగం విశ్రాంతితో, మెడకు తగిన వ్యాయామంతో కొన్ని వారాలలో తగ్గుతాయి. క్షవరశాలలో మెడ టకటకమని విరిపించుకునే అలవాటు మాత్రం మానుకోండి. ఆ శబ్దం వినడానికి హాయిగా ఉంటుంది గానీ ఉన్న బాధను రెండింతలు చేయగలదు. చేతులతో పాటు నడక తూలుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మరొక హెచ్చరిక కూడ ఇక్కడే చెప్పాలి. ఎడమచెయ్యి గుంజుతూ గుండెలో బరువు, చెమటలు ఉంటే అది నరం కాదు, గుండె. ఉన్నట్టుండి ఒక ప్రక్క చెయ్యి మొద్దుబారి, మూతి వంకరపోయి, మాట తడబడితే అది పక్షవాతం. ఈ రెండింటికీ బామ్ రాస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి.

రెండు చేతులూ ఒకేసారి మొద్దుబారితే? అంతకుముందే అరికాళ్లలో మంటలు, దూది మీద నడిచినట్లు ఉండడం మొదలై ఉంటే చక్కెర పరీక్ష చేయించుకోండి. చక్కెర మొదట పొడుగాటి నరాల చివరలను తింటుంది, అందుకే ముందు పాదాలు, తరువాత చేతులు. చక్కెరకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో బి-12 విటమిన్ తగ్గి ఇవే లక్షణాలు రావచ్చును. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివారిలోనూ అంతే. బలం సూది నిజంగా పనికివచ్చేది ఇలాంటివారికే, అదీ పరీక్ష చేసిన తరువాత. సారాయి త్రాగేవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆళ్లగడ్డ శిల్పుల మాట ఒకటి ఉన్నది. ఉలి సుత్తితో పనిచేసే చోట ఇప్పుడు కరెంటుతో తిరిగే కోత మిషన్లు, గ్రైండర్లు వచ్చాయి. పని త్వరగా అవుతున్నది, కాని ఆ అదురు అంతా చేతులలోకి దిగుతుంది. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ సున్నపురాయి గనులలో గాలి సుత్తితో రాయి చెక్కే పనివారిని పరీక్షించి, వారి వేళ్లు పాలిపోయి మొద్దుబారడానికి ఆ అదురూ, చలీ కారణమని వివరించింది. మన వేడి దేశంలో వేళ్లు అలా తెల్లబడడం తక్కువ. తిమ్మిరి, పట్టు తగ్గడం మాత్రం తప్పవు. మధ్య మధ్య మిషను ఆపడం, మరీ బిగించి పట్టకపోవడం, అరిగిన చక్రాన్ని వెంటనే మార్చడం ఖర్చులేని జాగ్రత్తలు.

ఇంతవరకు చెప్పినవాటిలో చాలామట్టుకు మనిషిని నిద్రపోనివ్వవు, మూలగనిస్తాయి, కనుక ఎప్పటికో ఒకప్పుడు ఆసుపత్రికి తెస్తాయి. మేము నిజంగా భయపడేది నొప్పి లేని తిమ్మిరికి. చిటికెనవ్రేలు, దాని ప్రక్క సగం వ్రేలు మెల్లగా మొద్దుబారడం, పొయ్యి దగ్గర చుర్రుమన్నది తెలియకపోవడం, పొద్దున లేచి చూస్తే బొబ్బ. మోచేయి దేనికైనా తగిలితే జివ్వుమనిపించే నరం ఒకటి ఉన్నది గదా, అల్నార్ నరం! మోచేతి మీద ఆనుకొని గంటల తరబడి కూర్చునేవారికి అది నలిగి ఇదే చిటికెనవ్రేలు తిమ్మిరెక్కవచ్చును. కాని ఆ నరం మోచేతి వెనుక త్రాడులా లావెక్కి చేతికి తగులుతున్నా, ఒంటి మీద ఎక్కడైనా దురద లేని, చెమట పట్టని, స్పర్శ లేని పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉన్నా, దాని పేరు కుష్ఠు. మన పెద్దలు పేరు పలకడానికి కూడ జంకి పెద్దరోగం అన్నారు.

"అది ఎప్పుడో పోయింది గదా" అంటారు. పోలేదు. పదివేలమందికి ఒకరికంటె తక్కువకు తగ్గిందని 2005 చివరికి లెక్కతేలిన మాట నిజమే. అయినా 2022-23లో మన దేశంలో క్రొత్తగా బయటపడినవారు లక్షకు పైనే. ఇది నరాల జబ్బు. హాన్సెన్ 1873లో కనిపెట్టిన క్రిమి చర్మంలోనూ నరాలలోనూ కాపురం పెడుతుంది. నూటికి 95 మందికి ఆ క్రిమిని ఎదిరించే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మిగిలినవారికైనా మందు వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది రోజులలోనే ఇతరులకు అంటించే గుణం పోతుంది. మూడు మందులు కలిపి ఆరు నెలలు గానీ ఒక సంవత్సరం గానీ వాడాలి. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితం. ఇంటిలో వారికి ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క మోతాదు మందు ఇస్తారు. ఇక ముఖ్యమైన సంగతి: నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే స్టెరాయిడ్ మాత్రలతో స్పర్శ, బలం తిరిగి వచ్చే అవకాశం ఉన్నది. అది దాటితే కష్టం. కనుక నలుగురికి తెలుస్తుందని మచ్చను పమిట క్రింద దాచుకొని గడిపే ఒక్కొక్క నెల ఒక్కొక్క వ్రేలి ఖరీదు.

కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చాడు. కుష్ఠువారి వేళ్లు మాంసం చెడి రాలిపోతాయని అప్పట్లో వైద్యులు సైతం నమ్మేవారు. ఒకరోజు తుప్పుపట్టిన తాళం తనకు తిరగకపోతే రోగులలోని ఒక చిన్నవాడు అవలీలగా త్రిప్పాడు. చూస్తే వాడి వేలు ఎముక వరకు తెగి రక్తం కారుతోంది, వాడికి తెలియనే లేదు! వ్రేళ్లు పోగొట్టేది రోగం కాదు, నొప్పి తెలియకపోవడమని ఆయన ఒక్కొక్క గాయం వెంటబడి రుజువు చేశాడు. రాత్రి ఉన్న వ్రేలు పొద్దునకు కురచ అయిన సంగతి కనుక్కోబోతే ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. అప్పుడు రోగులకు పిల్లులను ఇచ్చి పంపారు. గ్రద్దగోరులా వంగిన వేళ్లను మరొక కండర స్నాయువు మార్చి కుట్టి నిలబెట్టే ఆపరేషన్లకు వెల్లూరులో ఆయన దారి చూపాడు. మన తెలుగునాట కూడ నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో ఆసుపత్రి ప్రారంభించింది. అప్పటికి నమ్మకమైన మందే లేదు.

ఇప్పుడు మందు ఉన్నది, భయం పోలేదు. బైబిలులో ఆ మాట చదివిన జ్ఞాపకం వలన మన సంఘాలలో ఆ భయం ఒక పాలు ఎక్కువేమో అనిపిస్తుంది. లేవీయకాండము 13, 14 అధ్యాయాలలో బట్టలకు, ఇంటి గోడలకు కూడ కుష్ఠు అని వ్రాసి ఉన్నదే! బట్టకూ గోడకూ నరాలుంటాయా? అక్కడి మాట ఎన్నో రకాల మచ్చలకు, బూజుకు కలిపి వాడిన మాట, నేటి ఈ జబ్బు పేరు కాదు. చట్టం కూడ ఆలస్యంగానైనా మారింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని 2016లో రద్దు చేశారు. క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో ఈ జబ్బు విడాకులకు ఒక కారణంగా ఉండేది. 2019లో దానిని, తక్కిన వివాహ చట్టాలలోని అటువంటి నిబంధనలనూ తీసివేశారు.

ఇంట్లో పరీక్ష ఎలాగంటారా? కళ్లు మూసుకోమని చెప్పి, దూదిని సన్నగా పురిపెట్టి మచ్చ మీద, వ్రేళ్ల మీద ఆనించి, ఎక్కడ తగిలిందో వ్రేలితో చూపమనండి. చిటికెనవ్రేలికీ దాని ప్రక్కదానికీ మధ్య కాగితం ముక్క పెట్టి లాగి చూడండి, పట్టుకోలేకపోతే బలం తగ్గినట్లే. అనుమానం వస్తే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి "ఈ వ్రేళ్లకు స్పర్శ లేదు, మోచేతి నరం చూడండి" అని అదే మాటగా అడగండి. వట్టి తిమ్మిరి అంటే మళ్లీ బలం మాత్రలే వస్తాయి. నరాలలో కరెంటు నడక కొలిచే పరీక్ష అవసరమైతే నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రి నుండి గానీ, కర్నూలు పెద్దాసుపత్రి నుండి గానీ దారి దొరుకుతుంది.

స్పర్శ ఇప్పటికే పోయినవారు, అది కుష్ఠు వలన గానీ చక్కెర వలన గానీ, వేడి గిన్నెను ఒట్టి చేత్తో ముట్టకండి. పటకారుకు, కొడవలి పిడికి మెత్తని గుడ్డ చుట్టుకోండి. రోజూ సాయంత్రం చేతులు పావుగంట నీళ్లలో నానబెట్టి, తుడవకుండానే కొంచెం నూనె రాయండి, చర్మం పగలదు. పడుకునేముందు దీపం దగ్గర రెండు చేతులు వెనుకా ముందూ త్రిప్పి చూసుకోండి. చూపు ఆననివారికి మనుమడో మనుమరాలో చూసి చెప్పాలి: బొబ్బ ఉన్నదా, ముల్లు ఉన్నదా, క్రొత్తగా ఎక్కడైనా తెగిందా అని.