ఖాళీ మంటపానికి బాజాలు

తెలుగునాట సాఫ్టువేరు నేర్చిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టాలని బుద్ధి పుడుతుంది. పుట్టగానే మూడు ఐడియాలు వరసకట్టి వస్తాయి: సినిమా కబుర్లు, ఉద్యోగాలు, పెళ్ళిసంబంధాలు. మొదటి రెండిటి సంగతి మరోసారి చూద్దాం. ఈ మూడోదాని గురించి, ముఖ్యంగా "మీ సైటుని మేం పైకి తీసుకొస్తాం" అంటూ చుట్టూ తిరిగే మార్కెటింగు మహానుభావుల గురించి నాకు చాలాకాలంగా కడుపుమంటగా ఉంది. అదే ఇక్కడ వెళ్ళగక్కుతున్నాను.

పెళ్ళిసంబంధాల సైటు బయటినుంచి చూస్తే భలే తేలిగ్గా కనిపిస్తుంది. నాలుగు టేబుళ్ళ డేటాబేసు, ఒక సెర్చి పెట్టె, డబ్బు కట్టించుకునే ఏర్పాటు. చెయ్యి తిరిగినవాడికి రెండు వారాల పని. నిజమే, కోడు రెండు వారాల పనే. తిరకాసంతా అక్కడే ఉంది. మీకు రెండు వారాల్లో అయ్యేది పక్కవాడికీ రెండు వారాల్లోనే అవుతుంది. పైగా ఈ పొలంలో 1990ల చివరినుంచే పెద్ద రైతులు దున్నుతున్నారు. షాదీ.కామ్, భారత్‌మ్యాట్రిమొనీ అప్పటివే. భారత్‌మ్యాట్రిమొనీ మాతృసంస్థ 2017లో స్టాకు మార్కెట్లో కూడా చేరింది. వాళ్ళు కాక ఊరూరా మ్యారేజి బ్యూరోలు, కులసంఘాల వధూవర పరిచయ వేదికలు, ఆదివారం పేపర్లో ప్రకటనలు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు. ఇంతమంది మధ్యలోకి మీరు కొత్తగా వెళ్ళి "నేనూ ఉన్నాను" అంటే వినేదెవరు?

సరిగ్గా ఇక్కడే మన మహానుభావుడు ప్రవేశిస్తాడు. ఆయన దగ్గర మూడు సలహాలుంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, "గూగుల్లో ప్రకటనలివ్వండి". గూగుల్ ప్రకటనలనేవి వేలంపాట. ఫలానా మాట వెతికినప్పుడు నా ప్రకటన కనిపించాలంటే క్లిక్కుకి ఇంత ఇస్తానని పాడుకోవాలి. సరే, ఊహకి ఒక లెక్క వేసుకుందాం. క్లిక్కు 20 రూపాయలు. వంద క్లిక్కులకి 2,000. వందలో ఐదుగురు రిజిస్టరయ్యారు, అంటే మనిషికి 400. రిజిస్టరైన ఇరవైమందిలో ఒకరు డబ్బు కట్టారు, అంటే డబ్బు కట్టే ఒక్క మనిషిని తేవడానికి 8,000. మీ ప్యాకేజీ 3,000. తలకి ఐదువేలు ఎదురు పెట్టి మరీ వ్యాపారం చేస్తున్నారన్నమాట! ఈ అంకెలు మీకు నచ్చినట్టు మార్చుకోండి, అసలు సంగతి మారదు. ఎందుకంటే మీ పక్కనే పాడుతున్న పెద్దవాడి దగ్గర లక్షల ప్రొఫైళ్ళున్నాయి. అదే క్లిక్కుతో వచ్చిన మనిషికి అక్కడ చూడ్డానికి సంబంధాలుంటాయి కాబట్టి డబ్బు కట్టే అవకాశం ఎక్కువ. అంటే అదే క్లిక్కు విలువ వాడికి మీకంటే ఎక్కువ. వేలంలో సరుకు విలువ ఎవడికి ఎక్కువో వాడే ఎక్కువ పాడతాడు, ఇందులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. అదీ చాలక, జనం నొక్కే అవకాశం ఎంతుందో కూడా చూసి గూగుల్ ప్రకటనల వరస నిర్ణయిస్తుంది. ఊరూపేరూ తెలియని మీ సైటుని నొక్కేవాళ్ళు తక్కువ. అంచేత అదే చోటుకి మీరు ఇంకా ఎక్కువ చదివించుకోవాలి.

ఇంకో విషయం. కిరాణా కొట్టుకి వచ్చినవాడు నచ్చితే మళ్ళీ వస్తాడు. పెళ్ళిసంబంధాల సైటు బాగా పనిచేస్తే వచ్చినవాడు ఇక రాడు, రాకూడదు కూడా! ఎనిమిదివేలు పోసి తెచ్చుకున్న ఖాతాదారు పోతూనే ఉంటాడు, మీరు కొత్తవాణ్ణి కొంటూనే ఉండాలి. ఇది చిల్లుకుండలో నీళ్ళు పొయ్యడం. ఆ నీళ్ళబండివాడు మాత్రం బాగుపడతాడు.

రెండో సలహా, "ఎస్సీవో చేస్తాం". అంటే సెర్చిలో పైకి తెస్తారట. ఎలాగయ్యా అంటే, "విజయవాడ ఇంజనీరు వరుడు", "కరీంనగర్ టీచరు వధువు" అంటూ ఊరికో పేజీ, కులానికో పేజీ, ఉద్యోగానికో పేజీ. 50 ఊళ్ళు, 40 కులాలు, 30 ఉద్యోగాలు హెచ్చవేస్తే 60,000 పేజీలు. లోపల మనుషులు మాత్రం అరవైమంది ఉండరు. ఇలాంటివాటిని డోర్వే పేజీలంటారు, అంటే గుమ్మాలే తప్ప లోపల ఇల్లుండదు. ఇది కొత్త విద్యేం కాదు. 2006 ఫిబ్రవరిలో సాక్షాత్తూ బీఎండబ్ల్యూ వాళ్ళ జర్మనీ సైటునే ఇలాంటి పేజీలు పెట్టినందుకు గూగుల్ తన జాబితాలోంచి తీసి పారేసింది. కార్ల కంపెనీకి పరపతి ఉంది కనక త్వరలోనే తిరిగొచ్చింది. మీ సైటు పోతే పోయిందని గమనించేవాళ్ళు కూడా ఉండరు.

దీనికి తోడు "ఐదొందల బ్యాక్‌లింకులు ఇప్పిస్తాం" అనే బేరం ఒకటి. ఒక పేజీకి ఎందరు లింకిస్తే అంత విలువ అన్నది 1998లో గూగుల్ పుట్టినప్పటి సూత్రం. దాంతో లింకులమ్మే సంతలు వెలిశాయి. డబ్బిచ్చి లింకులు కొనుక్కున్న వ్యవహారంలో 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అంతటి కంపెనీ పేపరుకెక్కి, సెర్చి వరసల్లో కిందికి జారింది. 2012 ఏప్రిల్లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ ఇలాంటి సైట్లని మూకుమ్మడిగా ఊడ్చింది. 2024 మార్చిలో గుట్టలుగుట్టలుగా పేజీలు పుట్టించేవాళ్ళమీద మళ్ళీ నిబంధనలు బిగించింది. ఇదంతా జరిగాక కూడా అదే పాత సరుకుని కొత్త సంచిలో పెట్టి అమ్ముతున్నారంటే వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలా, కొనేవాళ్ళ అమాయకత్వాన్ని చూసి జాలిపడాలా?

ఈ రెండు సలహాలవల్ల పోయేది మీ డబ్బే. మీ డబ్బు, మీ ఇష్టం. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది మూడోదానితో. "ముందు ఒక వెయ్యి ప్రొఫైళ్ళు నింపేద్దాం సార్, ఖాళీగా ఉంటే ఎవరూ రారు."

నింపెయ్యడమంటే ఏమిటో తెలుసా? ఎక్కడెక్కడివో ఫొటోలు పట్టుకొచ్చి, పేరు మార్చి, ఊరు మార్చి, పక్కన "బీటెక్, 5 అడుగుల 4 అంగుళాలు" అని రాసి పెట్టెయ్యడం. మా బంధువుల్లో ఒక అమ్మాయి ఫొటో ఇలాగే ఒక సైట్లో తేలింది. ఆ అమ్మాయికి అప్పటికే పెళ్ళయి రెండేళ్ళు. అత్తగారి వైపు ఎవరో చూసి, "మీ కోడలు సంబంధాలు చూసుకుంటోందేమిటి?" అని ఫోను చేశారు. ఆ ఇంట్లో ఆ వారం ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి. సైటువాళ్ళకి నాలుగు మెయిళ్ళు రాస్తే ఐదో రోజున ఫొటో తీశారు. క్షమాపణా లేదు, ఎక్కణ్ణించి తెచ్చారో చెప్పిందీ లేదు. ఆ కుర్రాళ్ళు దుర్మార్గులని నేను అనుకోను. వాళ్ళకెవరో దీన్ని "గ్రోత్ హ్యాకింగ్" అని చెప్పి ఉంటారు.

ఈ మాట ఎత్తితే మహానుభావులకి ఒక ఉదాహరణ సిద్ధంగా ఉంటుంది: "రెడిట్ కూడా మొదట్లో దొంగ ఖాతాలతోనే మొదలైంది కదా!" అవును, 2005లో రెడిట్ పెట్టినవాళ్ళు మొదట్లో తామే రకరకాల పేర్లతో లింకులు పెట్టేవాళ్ళు. ఆ సంగతి తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు. అయితే అక్కడ పేరు దొంగదైనా లింకు నిజం. దాన్ని నొక్కినవాడికి చదవడానికి ఏదో ఒకటి దొరికింది. ఇక్కడ లింకు వెనకాల ఉండాల్సింది మనిషి. ఒక రిటైరైన గుమాస్తా మూడువేలు కట్టి, ఒక ప్రొఫైలు నచ్చి, జాతకం చూపించుకుని, ఇంట్లో మాట్లాడుకుని ఆ నంబరుకి ఫోను చేస్తాడు. ఎవరూ ఎత్తరు. మళ్ళీ చేస్తాడు. "వాళ్ళకి మనం నచ్చలేదేమో" అనుకుని ఊరుకుంటాడు. ఆ అమ్మాయి అసలు లేదని ఆయనకి ఎప్పటికీ తెలియదు. తన కొడుకునే ఎవరో వద్దన్నారనుకుని నిద్రపోతాడు. ఈ రెండూ ఒకటేనా?

చట్టం మాట కూడా చెప్పుకుందాం. పెళ్ళిసంబంధాల సైట్లు ఎలా నడుచుకోవాలో కేంద్ర ప్రభుత్వం 2016 జూన్లోనే సూచనలిచ్చింది. చేరేవాళ్ళ ఉద్దేశం పెళ్ళేనని ఒప్పించుకోవాలి, గుర్తింపు పత్రాలు తీసుకోవాలి అని అందులో ఉంది. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో పార్లమెంటు వేరే చట్టమే చేసింది. ఇవేవీ "ప్యాకేజీలో" చెప్పరు. కేసు పడితే మీమీద పడుతుంది, సలహా ఇచ్చినవాడిమీద కాదు.

"సరేనయ్యా, అదీ వద్దు ఇదీ వద్దంటే మొదటి మనిషి ఎలా వస్తాడు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు లెక్కలోనే ఉంది. రెండు రాష్ట్రాలకీ, అన్ని కులాలకీ, అన్ని వయసులకీ తలుపులు తెరిస్తే వెయ్యిమంది చేరారనుకుందాం. వాళ్ళు యాభై వర్గాలుగా చీలితే వర్గానికి ఇరవైమంది. అందులో సగం మగ, సగం ఆడ. ఆ పదిమందిలో వయసు, చదువు, ఊరు చూసుకుంటే మిగిలేది ఒకరో, ఎవరూ లేకపోవడమో. వెయ్యిమంది ఉన్నా ప్రతివాడికీ సైటు ఖాళీగానే కనిపిస్తుంది! అదే విశాఖపట్నంలో రెండో పెళ్ళి చేసుకోవాలనుకునేవాళ్ళకి మాత్రమే అని పెట్టి మూడొందలమందిని పోగుచేస్తే, ఒక్కొక్కరికీ అదే ఊళ్ళో నూటయాభైమంది దాకా కనిపిస్తారు. తక్కువమందితో ఎక్కువ సంబంధాలు. పెద్ద సైట్లలో వీళ్ళ బతుకంతా ఫారంలో ఒక గడి. భర్త పోయి చిన్నపిల్లతో ఉన్న ఆవిడకి కావలసింది గడి కాదు, "అవతలివాళ్ళతో మేం మాట్లాడాం, పాప సంగతి వాళ్ళకి తెలుసు" అని చెప్పే మనిషి. ఆ మాట లక్షల ప్రొఫైళ్ళున్నవాడు అందరికీ చెప్పలేడు. మూడొందలున్నవాడు చెప్పగలడు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. గోగులపాటి శ్రీరాములు వరుడు, గౌరమ్మ వధువు. అప్పటికి ఆయన చేతిలో 'వివేకవర్ధని' పత్రిక ఉంది, రాయగల చెయ్యి ఉంది. కానీ ఒట్టి రాతలతో పెళ్ళి కాలేదు. ఊరంతా ఎదురుతిరుగుతుంటే వధువునీ వరుణ్ణీ మనిషిమనిషిగా వెతికి తేవాల్సి వచ్చింది. ఒక ఊళ్ళో, ఒక్క జంటతో మొదలైంది. ఆ ఒక్కటి అయ్యాక తర్వాతవాళ్ళకి దారి కనిపించింది. వెయ్యి పెళ్ళిళ్ళు చేశానని ఆయన దొంగలెక్క రాసి ఉంటే ఇవాళ మనం ఆయన పేరు తలుచుకునేవాళ్ళమా?

అందుకని నా మాట ఇదీ. ఒక ఊరు, ఒక అవసరం పట్టుకోండి. చేరిన ప్రతి మనిషికీ ఫోను చెయ్యండి, కుదిరితే వెళ్ళి కలవండి. మొదటి పేజీలోనే "మా దగ్గర ఇవాళ్టికి 140 మంది ఉన్నారు" అని నిజం రాయండి. చూడ్డానికి చిన్నగానే ఉంటుంది, కానీ ఆ 140 మందీ ఫోనెత్తుతారు. సంబంధం కుదిరాకే డబ్బు తీసుకోండి. ఇక ప్రచారమంటారా, మన పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఈ సంబంధం ఎవరు కుదిర్చారు?" అన్నవరం కొండమీద యాభైమందితో చేసుకున్న పెళ్ళిలో కూడా ఆ ప్రశ్న పడుతుంది. దానికి జవాబుగా మీ పేరు వచ్చిందా, అంతకు మించిన ప్రకటన ఏ వేలంలోనూ దొరకదు.

"ఇలా చేస్తే ఎప్పటికి ఎదుగుతాం?" అని అడగొచ్చు. నెమ్మదిగా ఎదుగుతారు. అసలు ఎదగకపోవచ్చు కూడా. కానీ అవతలి దారిలో బాగా ఎదిగినవాళ్ళ సంగతి చూడండి. మ్యాట్రిమొనీ.కామ్ 2012లో ఫిర్యాదు చేస్తే, 2018 ఫిబ్రవరిలో కాంపిటీషన్ కమిషన్ సెర్చిలో పక్షపాతం చూపినందుకు గూగుల్‌కి 135.86 కోట్ల జరిమానా వేసింది. మళ్ళీ 2024 మార్చి 1న ఫీజుల గొడవలో గూగుల్ మన దేశపు పెద్దపెద్ద పెళ్ళిసంబంధాల యాప్‌లనే తన ప్లే స్టోర్లోంచి తీసేసింది. ప్రభుత్వం కలగజేసుకుంటే గానీ కొద్దిరోజులకి తిరిగి రాలేదు. అంతటివాళ్ళ గుమ్మానికే తాళంచెవి ఇంకొకడి జేబులో ఉంటే, నిన్న పుట్టిన మీరు ఉన్నదంతా తీసుకెళ్ళి ఆ గుమ్మం దగ్గరే పోస్తారా? మీ దగ్గరున్న ఫోను నంబర్లూ, మిమ్మల్ని నమ్మిన కుటుంబాలూ మాత్రం ఎవడూ తీసెయ్యలేడు.

ఇంత ఓపిక మాకు లేదంటారా, తప్పేం లేదు, ఇంకో సైటు పెట్టుకోండి. కూరల ధరలు చూపించండి, బస్సు టైములు పెట్టండి. అక్కడ తప్పు రాస్తే ఒకడి బస్సు పోతుంది. ఇక్కడ పోయేవి వేరే.

ఈసారి ఎవరైనా మహానుభావుడు ప్యాకేజీ పట్టుకొస్తే ఒక్క ప్రశ్న అడగండి: "నింపే ఆ వెయ్యి ప్రొఫైళ్ళలో ముందుగా మీ ఇంటి ఆడపిల్లల ఫొటోలు పెడదామా సార్?" అని. అప్పుడాయన మొహం చూసి, డబ్బు కట్టాలో వద్దో మీరే తేల్చుకోండి.