గీకే ముందు ఒక చుక్క స్పిరిట్

ఒహాయోలో నా మొదటి డైనింగ్ టేబుల్‌ని నాలుగు కుర్చీలతో కలిపి 60 డాలర్లకి కొన్నాను. కొలంబస్ శివార్లలో 'ఎస్టేట్ సేల్' బోర్డు చూసి కారు ఆపాను. ఆ ఇంటి పెద్దావిడ పోయింది. పిల్లలు గరిటె దగ్గర్నుంచి గోడ గడియారం దాకా అన్నిటికీ ధర చీటీలు అంటించి, వీధి తలుపు బార్లా తీసిపెట్టారు. పోయినవాళ్ల సామాను ముక్కూమొహం తెలియనివాళ్లకి అమ్మడానికి మనకి మనసొప్పదు. అయినవాళ్లకి ఇస్తాం, లేదా అటకెక్కిస్తాం. అక్కడ మాత్రం పాత సామాను చేతులు మారడం నూరేళ్ల పైబడిన అలవాటు. ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు 1902లో బోస్టన్‌లో గుడ్‌విల్ మొదలుపెట్టాడు. కలిగినవాళ్ల ఇళ్లలో పాతవి పోగుచేసి, పనిలేని పేదలచేత బాగుచేయించి అమ్మించడం ఆయన ఆలోచన. ఇప్పుడు ఆ దుకాణం లేని పట్నం అరుదు. అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లు ఎందరో మొదటి టేబుల్‌ని అలాంటి చోటనే కొనుక్కుంటారు.

నాది గుండ్రటి ఓక్ టేబుల్. మధ్యలో లావాటి ఒంటి కాలు, అడుగున పంజాల్లా చెక్కిన పాదాలు. పలక కింద వంగి చూస్తే, సగం చిరిగిన కాగితం చీటీ మీద 'గ్రాండ్ ర్యాపిడ్స్' అన్న మాట మిగిలింది. మిషిగన్‌లోని ఆ ఊరి సామాను 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనతో దేశం కళ్లలో పడింది. తర్వాత ఆ ఊరికి 'ఫర్నిచర్ సిటీ' అనే పేరు స్థిరపడింది. నా కళ్లకి మాత్రం చీటీకన్నా మకిలే ఎక్కువ కనిపించింది. పలక మీద గ్లాసులు పెట్టిన తెల్లటి వలయాలు, పూలకుండీ కిందిదేమో ఒక నల్లటి వలయం. కాలి మీద పాలిష్ ఎండిన చెరువు నేలలా నెర్రెలు విచ్చింది. రెండు కుర్చీలు కూర్చుంటే ఊగుతున్నాయి.

శనివారం పొద్దున్నే గరాజ్‌లో కరెంటు శాండర్‌కి ముతక కాగితం తగిలించి సిద్ధమయ్యాను. పాతది బాగుచేయడమంటే చెక్క తెల్లబడేదాకా గీకేసి, పైన మెరిసే పూత వేయడమేనని నా నమ్మకం. కాకినాడలో మా ఇంట్లో చూసింది అదే. పక్కింటావిడ, డెబ్బై దాటిన రిటైర్డు టీచరు, కుక్కని తిప్పుతూ వచ్చి ఆగింది. "దాని మీద ఏ పూత ఉందో అడిగావా?" అంది. ఎవర్ని అడగాలో నాకు అర్థం కాలేదు. ఇంటికెళ్లి ఒక స్పిరిట్ సీసా, నాలుగు దూది పుల్లలు తెచ్చింది.

టేబుల్ కింద, ఎవరికీ కనిపించని చోట, స్పిరిట్‌లో ముంచిన పుల్లని ఆనించి పది లెక్కపెట్టింది. తీసి చూపిస్తే దూది తేనె రంగుకి తిరిగి ఉంది. ఆ చోట గోరు ఆనిస్తే అతుక్కుంటోంది. "షెల్లాక్," అంది. స్పిరిట్‌కి కరిగితే షెల్లాక్. స్పిరిట్‌కి లొంగకుండా థిన్నర్‌కి మెత్తబడితే లాకర్. రెండిటికీ బెసక్కపోతే వార్నిషో పాలీయురెథేనో అనుకోవాలి. అమెరికాలో 1920ల దాకా ఎక్కువ సామాను షెల్లాక్‌దే. ఆ తర్వాత ఫ్యాక్టరీలు తొందరగా ఆరే లాకర్‌ని స్ప్రే చేయడం మొదలుపెట్టాయి. అందుకని ఆ దూది పుల్ల సామాను వయసు కూడా ఉజ్జాయింపుగా చెబుతుంది.

షెల్లాక్ అంటే మన లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే గుల్లని గీరి, కడిగి, కరిగించి, పల్చటి అప్పడంలా సాగదీసి విరిస్తే వచ్చే రేకులు. మన పాలిష్ పనివాళ్లు చపడా అనేది దాన్నే. ఈనాటికీ అది ఎక్కువగా మన ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు నుంచే వస్తుంది. విలియం జిన్సర్ అనే ఆయన 1849లో న్యూయార్క్‌లో షెల్లాక్ తయారీ పెట్టాడంటే, మన లక్క అప్పటికే ఎంత దూరం వెళ్లిందో చూడండి. ఏటికొప్పాక బొమ్మని మరమీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకునేదీ ఇదే. లక్క ఇల్లు కథ వింటూ పెరిగిన నేను, లక్క గుణం ఒహాయోలో ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ఆ గుణం ఏమిటంటే, ఎండిపోయిన లక్క కూడా మళ్లీ స్పిరిట్ తగిలితే కరుగుతుంది. కొత్త పూత పాతదాని మీద వేరే పొరగా నిలవదు, పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. నెర్రెలిచ్చిన కాలిని ఆవిడ గీకనివ్వలేదు. ముందు మినరల్ స్పిరిట్స్‌తో జిడ్డు తుడిపించింది. అది మన కిరసనాయిల్‌కి దగ్గర చుట్టం, లక్కని ముట్టుకోకుండా మైనాన్నీ మురికినీ తీస్తుంది. తర్వాత మెత్తటి కుంచెతో ఒట్టి స్పిరిట్ పై నుంచి కిందకి రాసి, మళ్లీ ముట్టుకోవద్దంది. చూస్తూ ఉండగానే నెర్రెల అంచులు మెత్తబడి, ఒకదానిలోకి ఒకటి పారి, మూసుకున్నాయి. తొలి వాన నీళ్లు పగుళ్లలోకి దిగినట్టుంది. పది నిమిషాల్లో అది ఆరిపోయింది. నూరేళ్లనాటి రంగు అలాగే ఉంది. నేను శాండర్ పెట్టి ఉంటే ఆ రంగు దుమ్ములో పోయేది. ఏ డబ్బాలోనూ మళ్లీ దొరకదు.

పలక మీది తెల్ల వలయాలు పూతలో చిక్కుకున్న తడి. గుడ్డకి స్పిరిట్ తగిలీ తగలనట్టు అంటించి, ఒక్క విసురులో తుడిస్తే పోయాయి. నల్లటిది అలా పోదు. అది పూతలో కాదు, చెక్కలోనే ఉంది. ఓక్‌లో వగరు ఉంటుంది, కరక్కాయలో ఉండే లాంటిదే. దానికి ఇనుము, తడి తగిలితే నలుపు పుడుతుంది. కాళహస్తిలో కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరవేసిన నీళ్లతో గీస్తే నల్లటి గీత తేలడం ఈ సూత్రంతోనే. అక్కడ అందం, ఇక్కడ మరక. దానికోసం పలక వరకే పాత పూత తీసి, ఆక్సాలిక్ ఆమ్లం వేడినీళ్లలో కలిపి రాశాం. అది విషం. చేతికి తొడుగులు ఉండాలి, తర్వాత నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి, ఆరిపోయిన పొడిని గీకి ముక్కులోకి పోనివ్వకూడదు. తెల్లారేసరికి వలయం బూడిద రంగుకి దిగింది. ఇంకోసారి రాద్దామన్నాను. "కొంచెం ఉండనీ, ఎవరో పూలు పెట్టుకున్న చోటు కదా," అంది.

కుర్చీల దగ్గర నా చేతిలో మేకు చూసి ఆవిడ ముఖం మాడిపోయింది. మన దగ్గర కుర్చీ ఊగితే మేకు కొడతాం, అదీ చాలకపోతే ఎల్ ఆకారం పట్టీ బిగిస్తాం. మేకు ఊగడాన్ని నాలుగు రోజులు ఆపుతుంది, తర్వాత అడ్డకర్ర కొసని చీలుస్తుంది. అప్పుడు ఆ ముక్కే మార్చాలి. నిజానికి అక్కడ విరిగిందేమీ లేదు. పాత కుర్చీలు పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురుతో అతికించినవి. జిగురు వయసు మళ్లింది, అంతే. వేడినీళ్లలో కాస్త వెనిగర్ కలిపి బెజ్జాల దగ్గర గుడ్డతో అద్దితే అది మెత్తబడి, కీళ్లు చేత్తో లాగితే ఊడివచ్చాయి. పాత జిగురంతా కడిగి, ఆరబెట్టి, కొత్త జిగురు రాసి, నాలుగు కాళ్ల చుట్టూ తాడు చుట్టి, మధ్యలో ఒక పుల్ల దూర్చి మెలిపెట్టాం. నులక మంచం బిగించిన చేతులకి ఆ పని చెప్పనక్కర్లేదు. ఒక రోజు అలా వదిలేస్తే చాలు. పాతికేళ్లు దాటినా ఆ కుర్చీలు మా అబ్బాయి ఇంట్లో ఇవాళ్టికీ ఊగవు.

భయపెట్టాల్సిన సంగతి ఒకటుంది. పలక మీద చివర్లో లిన్సీడ్ నూనె కలిసిన వార్నిష్ గుడ్డతో రాశాం. అంటే అవిసె నూనె. పని కాగానే నేను గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిని పీల్చుకుని వేడి పుట్టిస్తుంది. ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే మంట అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో, 22వ అంతస్తులో పనివాళ్లు వదిలిన నూనె గుడ్డల నుంచి మంట లేచింది. ముగ్గురు ఫైర్‌మన్‌లు చనిపోయారు. మంట 30వ అంతస్తులో స్ప్రింక్లర్ల దగ్గర గానీ ఆగలేదు. గుడ్డలు విడివిడిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి మూత పెట్టాలి. ఈ మాట మన పాలిష్ దుకాణాల గోడల మీద పెద్దక్షరాల్లో రాసి ఉండాలని నా కోరిక.

రంగు వేసిన పాత సామాను సంగతి వేరు. అమెరికాలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందటిదైతే పరీక్ష చేయకుండా గీకరు. మన దేశంలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంటే మన ఇళ్లలో పచ్చరంగు, నీలిరంగు వేసిన పాత కుర్చీల మీద ఇంకా ఎక్కువ అనుమానం ఉండాలి. పసిపిల్లలు తిరిగే వరండాలో వాటిని పొడిగా గీకించడం నేను చాలాసార్లు చూశాను. గీకేవాడి మూతికి రుమాలు కూడా ఉండదు.

కాకినాడలో మా నాన్నగారి టేకు టేబుల్ గురించి చెప్పాలి. మా చెల్లెలి పెళ్లికి ముందు కొత్తగా కనిపించాలని నేనే ఒకతన్ని పిలిపించాను. రెండు రోజులు మిషను పెట్టి గీకించి, అద్దంలా మెరిసే పీయూ, అంటే పాలీయురెథేన్, స్ప్రే చేయించాను. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా ఎవరో పొయ్యి మీద నుంచి దించిన కుక్కర్ తెచ్చి పెట్టారు. అరచేయంత మేర పూత తెల్లబడి పొక్కింది. ఆ ఒక్క చోటు బాగుచేయడం కుదరదు, మళ్లీ మొత్తం గీకాల్సిందేనన్నారు. మెరుపు బాగుందని తీసుకున్నాను గానీ, చెడితే సగంలో బాగుపడని పూత అని అప్పుడు తెలియదు. గీకక ముందు దాని మీద ఉన్నదేమిటో, దానికి స్పిరిట్ చుక్క సరిపోయేదేమో, ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన ఇళ్లలో నిలవదు. లక్క వేడికి ఓర్వదు, తడిగాలికి మబ్బుపట్టినట్టు తెల్లబడుతుంది. కోస్తాలో శ్రావణ భాద్రపదాల్లో పూస్తే కుంచె దించేలోపే మసకబారుతుంది. ఆ పని సంక్రాంతి దాటాక పొడి రోజుల్లో పెట్టుకోవాలి. పలకకి మాత్రం నూనె కలిసిన వార్నిష్ గుడ్డతో పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ రోజు ఎడం. లక్కని కాళ్లకి, కుర్చీలకి ఉంచుకోవాలి. అన్నం గిన్నె కింద మా అమ్మమ్మ పెట్టే చుట్టకుదురు ఏ పూతకన్నా మంచి కాపలా. ఇంకో తేడా: సెకండ్‌హ్యాండ్ కుర్చీ కొనేముందు అక్కడివాళ్లు నల్లులు చూసుకుంటారు. మనం కుర్చీని తలకిందులు చేసి నేల మీద తట్టాలి. సన్నటి పిండిలాంటి పొడి రాలితే పుచ్చు పట్టినట్టే. దాన్ని పాలిష్ కాపాడలేదు. ఇక వెనీర్ అతికించిన బల్లలు కొన్ని మిల్లీమీటరు కూడా లేని పొరతో ఉంటాయి. ముతక కాగితం రెండుసార్లు తిప్పితే అడుగున ప్లైవుడ్ బయటపడుతుంది.

కిందటి ఫిబ్రవరిలో పెద్దాపురం వెళ్లాను. పెద్దమ్మ తన టేకు టేబుల్‌ని అమ్మేసి, సన్మైకా వేసిన కొత్తది కొంటానని పట్టుదలగా ఉంది. నల్లబడిపోయిందని, చెయ్యి ఆనిస్తే జిగురుగా ఉందని ఫిర్యాదు. హార్డ్‌వేర్ కొట్లో పాలిష్ స్పిరిట్ చిన్న సీసా కొని తెచ్చి, కిటికీలు తీసి, టేబుల్ కింద దూరాను.

"ఏం వెతుకుతున్నావురా కింద?" అంది పెద్దమ్మ, కాఫీ గ్లాసుతో నిలబడి.

పలక అడుగున మూలగా దూది పుల్ల ఆనించి పది లెక్కపెట్టాను. తీసి వెలుతురులో చూస్తే దూది తేనె రంగుకి తిరిగింది. గోరు ఆనిస్తే అతుక్కుంది.

"పెద్దమ్మా, దీన్ని అమ్మకు," అన్నాను బయటికి రాకుండానే. "ఒక పాత పంచె ఉంటే ఇవ్వు."