పెట్రోలు డబ్బాకు ఒక కొమ్ము

పత్తియు మిరపయు పండించు మన పల్లెలలో చేతిపంపు స్థానమున పెట్రోలుతో నడచు స్ప్రేయరు వచ్చి చాల ఏండ్లయినది. దానివెంట కలుపుతీయు వీడరు, గడ్డికోయు బ్రష్ కట్టరు, కాలువనుండి నీరు తోడు చిన్న పంపుసెట్టు ఒకదాని వెనుక నొకటి రైతు కొట్టములోనికి చేరినవి. ఈ యంత్రములతో కంపెనీవారు స్పానరు నిచ్చుచున్నారు, ప్లగ్గు విప్పు గొట్టము నిచ్చుచున్నారు, భుజము నొప్పిపుట్టకుండ మెత్తని పట్టీల నిచ్చుచున్నారు. కాని యంత్రము ప్రతిదినము త్రాగు పెట్రోలును బంకునుండి పొలమునకు తెచ్చి, ఒలకకుండ టాంకులో పోయుటకు తగిన పాత్రను మాత్రము ఇచ్చుట లేదు. కొందరు కొలతగీతలుగల చిన్న సీసా నొకటి జతచేయుదురు గాని, అది ఆయిలు కలుపుకొనుటకే గాని పెట్రోలు తెచ్చి దాచుకొనుటకు ఉద్దేశింపబడినది గాదు. ఈ లోపము చిన్నది గాదని, దీనిని సవరించు భారము రైతుపై మాత్రమే మోపరాదని నా దృఢమైన అభిప్రాయము.

జులై, ఆగస్టు నెలలలో పత్తిచేని గట్టున కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త గాదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో పెట్రోలు. అప్పుడే ఆపిన స్ప్రేయరు. దాని సైలెన్సరు ఇంకను వేడి విడువలేదు. టూ-టీ ఆయిలు పొట్లమును పంటితో చింపి సీసాలో పిండి, మూతబిగించి ఆడించి, వేరొక సీసాను నడుమ కోసి చేసిన గరాటును టాంకు మూతిలో నిలిపి, యంత్రమును మోకాలికి ఆనించుకొని రైతు పోయుచుండును. సీసా ఒక గ్రుక్క విడుచును, ఒక గ్రుక్క బిగబట్టును. బిగబట్టినపుడు గరాటు వట్టిపోవును, విడిచినపుడు పొంగును. పొంగినది టాంకు ప్రక్కగా జారి ఇంజను రెక్కల నడుమకు దిగును. అతడు భుజముమీది తువ్వాలుతో దానిని తుడిచి, ఆ తువ్వాలునే మరల భుజముపై వేసికొని, తాడు లాగును. ఇది అజాగ్రత్త యని నిందించుట సులభమే. కాని ఆ చేతికి మనము వేరే పాత్ర నెన్నడైన నందించితిమా?

నిజముగా మండునది పెట్రోలు ఆవిరి. సున్నకు 40 డిగ్రీల దిగువన గూడ నిప్పురవ్వ సోకినచో అంటుకొనునంత ఆవిరిని విడుచు ద్రవమది. ఇక మన యెండలలో దాని తీరు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనదగుటచే పైకెగసి చెదరిపోక, నేలను పట్టి ప్రాకి, పల్లములలో నిలిచి, కొంతదూరమున వెలుగుచున్న పొయ్యివరకును బీడివరకును పోగలదు. మూత సరిగా పట్టని సీసాను వంటయింటి మూలనుంచిన కుటుంబము తన యెరుకలేకయే ఈ ప్రమాదముతో కాపురము చేయుచున్నది.

అంతకంటె నన్ను కలచు విషయము మరొకటి కలదు. నీళ్ల సీసా నీళ్ల సీసాగనే బిడ్డకు తెలియును. ఆటనుండి దప్పికతో వచ్చిన పసివాడు అందులోనిది నీరో కిరసనాయిలో పెట్రోలో విచారింపడు, మూతతీసి త్రాగును. ఒక్క గ్రుక్కయైనను పొరపోయి ఊపిరితిత్తులలోనికి దిగినచో ప్రాణాంతకమైన వాపు కలుగును. కంగారుపడి వాంతి చేయించిన తల్లిదండ్రులు, లోనికి పోయినదానిని రెండవమారు శ్వాసనాళమునకు చేరువ చేసినవారగుదురు; వాంతి చేయింపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవుటయే మార్గము. పురుగుమందు డబ్బాలను కడిగి పెట్రోలుకు వాడుట, వంటనూనె క్యానులో పెట్రోలు దాచుట ఈ తెగలోనివే. ఏ పాత్రలో ఏమున్నదో చూచినంతనే తెలియని యింట ఎంతటి జాగరూకుడైనను ఒకనాడు మోసపోవును.

2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆమె కార్యాలయములోనే పెట్రోలు పోసి దహించిన ఘోరమును, అదే నెలలో హైదరాబాదు శివార్లలో చంపి పెట్రోలుతో కాల్చివేసిన దిశ హత్యను ఎవరును మరచియుండరు. అటుపిమ్మట సీసాలలో పెట్రోలు పోయరాదన్న కట్టుబాటు బంకులలో గట్టిపడినది. ఆ కట్టుబాటు వెనుకనున్న వేదనను గౌరవింపని వాడను గాను. కాని దానివలన పల్లెలో జరుగుచున్న దేమి? రైతు తన మోటారుసైకిలు టాంకులో పెట్రోలు పోయించుకొని, చేనికి పోయి, సన్నని గొట్టమును టాంకులో దించి, నోటితో పీల్చి, ఆ ధారను తిరిగి అదే కూల్‌డ్రింకు సీసాలోనికి దించుచున్నాడు. బంకు వద్ద తప్పించిన ప్రమాదము చేని గట్టున ఇంకొకరూపున, నోటిగుండ వచ్చిచేరినది.

చట్టము ఈ విషయమున మనము తలచుదానికంటె ఉదారముగను వివరముగను ఉన్నది. 1934 నాటి పెట్రోలియం చట్టము 8వ సెక్షనులో, అమ్మకమునకు గాక సొంత వాడుకకు 30 లీటర్లకు మించని పెట్రోలును లైసెన్సు లేకుండ తెచ్చుకొని దాచుకొనవచ్చునని యున్నది. అయితే అది మూత గట్టిగా బిగిసిన పాత్రలలో ఉండవలయుననియు, గాజు లేక పింగాణీ పాత్ర 1 లీటరును, లోహపాత్ర 25 లీటర్లను మించరాదనియు ఆ సెక్షనే చెప్పుచున్నది. ఆ జాబితాలో ప్లాస్టిక్ సీసా లేదు. కనుక కావలసినది వట్టి నిషేధము గాదు. సీసా పట్టుకొని వచ్చినవానికి సరియైన లోహపు డబ్బాను చూపించుట.

సరియైన డబ్బా యెట్లుండవలయునో ప్రపంచము రెండవ మహాయుద్ధములో నేర్చినది. ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిషు సైన్యము పలుచని రేకుటిన్నులలో పెట్రోలు మోసికొనిపోవుచు, అవి అతుకుల వద్ద పగిలి కారుచుండగా ఎంతో పెట్రోలును ఇసుకపాలు చేసికొనెను. ఎదుటిపక్షమున జర్మనులు 1937 ప్రాంతమున రూపొందించిన 20 లీటర్ల ఉక్కు డబ్బా ఉండెను. దాని ప్రక్కలలో నొక్కిన గాడులు వేడికి లోపలి పెట్రోలు వ్యాకోచించినను డబ్బా పగులకుండ కాపాడును. పిడులు మూడు, నిండుడబ్బాను ఇద్దరు చెరియొక ప్రక్క పట్టి మోయవచ్చును, వట్టిడబ్బాలను ఒక్కడు చేతికి రెండేసి పట్టవచ్చును. మూత తిప్పుడు మూత గాదు. మీటవలె నొక్కి బిగించునది. మూతి వద్ద లోపల చిన్న గాలిగొట్టము కూడ నుండుటచే పోయునపుడు ధార తెగదు. బ్రిటిషువారు చేజిక్కిన డబ్బాలను చూచి, తమ టిన్నులను విడిచి, అట్టివే చేసికొనిరి. నేటికిని సైనికవాహనముల వెనుక కట్టి కనబడు జెర్రీక్యాను అదియే.

ఇక డబ్బానుండి పెట్రోలు పోయు కొమ్ము విషయము. డబ్బానుండి ఎంత పెట్రోలు బయటికి వచ్చునో అంత గాలి లోనికి పోవలయును. మూతి ఒక్కటే యైనచో రెండును ఆ దారినే వంతులు వేసికొని నడచును. గట్టుమీద మనము చూచిన గ్రుక్కలకు కారణమిదియే. కన్యాదానమువేళ కొమ్ముచెంబునుండి నీరు ఒకే ధారగా పడుట, పైమూతి తెరచియుండి గాలికి వేరుదారి నిచ్చుట చేతనే గదా! డబ్బా కొమ్ము నందును ఆ రెండవదారి యుండవలయును. కొన యంత్రపు టాంకు మూతిలో దూరునంత సన్ననై, వంగునట్టిదై, చెత్తను ఆపు జల్లెడ గలదై యుండవలయును. డబ్బా మూతిలో అమర్చు మరియొక సన్నని లోహపు వల గూడ కలదు. బయటి మంటను లోపలి ఆవిరిని చేరనీయక అది వేడిని పీల్చివేయును. 1815లో హంఫ్రీ డేవీ గనిదీపమునకు చుట్టిన వల చేసిన పని ఇదియే. సింగరేణి కార్మికులకు ఆ దీపమును పరిచయము చేయ నక్కరలేదు. ఇట్టి మంటనిరోధకము ఇంధనపు డబ్బాలలో ఉండవలయునని అమెరికా 2020లో చట్టము చేసినది.

ఆ దేశపు అనుభవములోనే ఒక హెచ్చరికయు కలదు. ఆవిరి గాలిలో కలియకుండుటకై 2009లో అచట తెచ్చిన నియమములవలన, స్ప్రింగుతో తమంతట మూసికొను కొమ్ములు వచ్చినవి. బలముగ నొక్కిపట్టిననే గాని ధార రాదు. గాలికి వేరుదారి లేదు. విసిగిన జనులు ఆ కొమ్ములను పీకి పారవైచి పాతరకపువాటిని వెదకి తెచ్చుకొనిరి. చేతికి నప్పని భద్రతను చేయి త్రోసివేయును. మన బంకుల నిషేధమునకు జరిగినదియు ఇదియే యని నేను తలంతును.

పరిమాణమును గురించి కొనువారు ఆలోచింపవలయును. 20 లీటర్ల డబ్బా నిండినచో డబ్బాతో కూడి దాదాపు 19 కిలోలు తూగును. దానిని వంచి స్ప్రేయరు చిన్నమూతిలో నిలకడగ పోయుట వృద్ధునకు, స్త్రీకి సాధ్యమగు పని గాదు. పొలమునకు 5 లీటర్ల లోహపు డబ్బా చాలును. దానిని అంచువరకు నింపరాదు; 20 డిగ్రీల వేడి పెరిగినచో 5 లీటర్ల పెట్రోలు సుమారు 100 మిల్లీలీటర్లు ఉబ్బును. బంకులో మోటారుసైకిలు సీటుపై ఉంచి పోయించుట తగదు. పారు పెట్రోలుతో స్థిరవిద్యుత్తు పేరుకొనును గనుక డబ్బాను నేలపై దించి, నాజిల్ లోహపు అంచును తాకుచుండగ నింపవలయును. ఇప్పటి పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొనును, నీరు ఎక్కువైనచో దానితోకూడి విడివడి అడుగునకు చేరును. కనుక నెలకు మించి నిలువచేయుట కార్బురేటరుకు హాని. ఆయిలు కలిపిన డబ్బాపై లీటరుకు 20 మిల్లీలీటర్లో 40 మిల్లీలీటర్లో పెయింటుతో వ్రాసికొనుట మంచిది; అది యంత్రమునుబట్టి మారును.

యంత్రీకరణ పథకముల క్రింద సబ్సిడీపై స్ప్రేయర్లు, వీడర్లు ఇచ్చు వ్యవసాయశాఖలను నేను కోరునది ఒక్కటే: యంత్రము ధరతోబాటు 5 లీటర్ల ఎర్ర లోహపు డబ్బా, గాలిదారి గల కొమ్ము సామగ్రి జాబితాలో చేర్చవలయును, అవి లేని యంత్రమునకు బిల్లు మంజూరు కారాదు. చమురుసంస్థలు తమ బంకులలోనే ఆ డబ్బాలను అమ్మవలయును. అట్టి డబ్బాతో, పట్టాదారు పాసుపుస్తకముతో వచ్చిన రైతునకు పెట్రోలు పోయవలయునని బంకువారికి వ్రాతపూర్వకముగ ఆదేశ మీయవలయును. వచ్చు ఖరీఫుకు ముందే ఇది జరిగినచో మందు కొట్టు కాలమున గొట్టముతో పెట్రోలు పీల్చు అగత్యము ఏ రైతునకును ఉండదు.