జేసీబీకి ఫోన్ చేసే ముందు వడ్లాయనను పిలువండి!

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అన్నలారా, అక్కలారా! సర్పంచులారా, మేస్త్రీలారా!

నిన్న మాపటిదాకా నిలబడ్డ పాత భవంతి ఇయ్యాల పది గంటల కల్లా మట్టికుప్ప అయితున్నది. జేసీబీ తొండం ఒక్కసారి ఆనిందంటే గూనపెంకలు రాలుతయి, గోడ పడుతది, గోడతోటి దూలం నడుమ విరుగుతది. విరిగిన దూలం యాడికి పోతది? ఇటుక బట్టీకి, హోటల్ పొయ్యికి, లేకుంటే హోళీ ముందు రాత్రి కాముని మంటకు.

ఆ దూలం ఏ అడవిదో యాది చేసుకోండి. జన్నారం, ఖానాపూర్, ఉట్నూరు దిక్కు నుంచి తాతలు ఎడ్లబండ్ల మీద తెచ్చుకున్న టేకు. అడవిల తీరుబడిగా పెరిగి చేవదేరిన చెట్టు, ఇంట్లకు వచ్చినంక రెండు తరాలు పొయ్యి పొగ తాగి ఆరింది. ఇగ అది వంగేది లేదు, వంకర పోయేది లేదు. తోటల్ల పెంచి ఇరవై ఏండ్లకే కొట్టిన టేకుల చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. పురుగు ముందుగాల పట్టేది ఆ తెల్లచెక్కనే. కవ్వాల్ అడవి 2012ల టైగర్ రిజర్వ్ అయింది, అసొంటి చెట్టును ఇప్పుడు ముట్టేది లేదు, ముట్టద్దు కూడా. బర్మా 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి బంద్ పెట్టింది. అందుకే అడితిల అడిగితే ఘానా టేకు, ఈక్వెడార్ టేకు అంటున్నరు. ఆదిలాబాద్ టేకును మంటలేసుకొని, కొత్త ఇంటి దర్వాజకు సముద్రం దాటిన టేకు కొనుడు ఏం లెక్క?

ఒక ఇంటి సంగతి చెప్తం. దూలం కొస చెదలు తిన్నదని ఇంటాయన దాన్ని వంటచెరుకు కింద అమ్మబోయిండు. మా మేస్త్రీ సుత్తె పట్టుకొని కొసనుంచి కొట్టుకుంట పోయిండు. గోడల ఉన్న జానెడు మేర డొల్ల సప్పుడు. మూర దాటినంక ఖంగుమన్నది. వాన తడి గోడలకు దిగిన కాడనే చెదలు పట్టింది, మిగతా దూలానికి ఏం కాలే. మూరెడు కోసి పడేస్తే పన్నెండు అడుగులు మిగిలింది. రందా నాలుగుసార్లు తోలంగనే పొగ నలుపు లేచిపోయి తేనె రంగు తేలింది. వాడకట్టంత టేకు వాసన. దాంట్ల రెండు దర్వాజలు, ఒక పీట ఎల్లినయి.

పాత ఇల్లు విప్పుడుకు ఒక వరుస ఉన్నది: కట్టినదానికి ఉల్టా. ముందు పెంకలు, తర్వాత వాసాలు, దూలాలు, కంబాలు, ఆఖరుకు దర్వాజ. పాత దర్వాజ మూలల్ల ఇనుప మొలలు ఉండవు, కట్టె చీలలు ఉంటయి. ఎదురు దిక్కు నుంచి పైలంగ కొడితే ఊడొస్తయి, గడ్డపార ఏస్తే నగిషీ అంత చీరిపోతది. విప్పిన ప్రతి చెక్క మీద సుద్దతోటి నంబరు రాయండి. సామిల్లోళ్లు పాత కట్టె అంటే మొఖం తిప్పుకుంటరు. వాళ్లననుడు దండుగ, లోపల ఒక్క మొల దాగి ఉన్నా బ్లేడు పోతది. అయస్కాంతం జరుపుకుంట దూలం నలుదిక్కుల చూసి, మొలలన్నీ పీకి పంపండి. పాత రంగుల్ల సీసం ఉండొచ్చు. తడిపి గీకండి, పిల్లలను దగ్గరికి రానియ్యకండి, రంగు చెక్కను పొయ్యిల పెట్టకండి.

కట్టె పాతదైనా టేకు టేకే, రోడ్డెక్కితే చెక్‌పోస్టుల ఆపుతరు. బండికి ఎత్తకముందే ఫారెస్టు రేంజ్ ఆఫీసుల అడిగి కాగితం చేసుకోండి. ఇల్లు నిలబడి ఉన్నప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోండి, కట్టె ఇంటిదే అని రుజువుంటది.

కూలి ఎక్కువైతది, దాస్తలేం. జేసీబీ ఒక పూటల చేసేది చేతితోటి చేస్తే వారం పడుతది. కానీ ఆ కూలి ఊర్లెనే ఉంటది, కట్టె మీ చేతికొస్తది. అమెరికాల పోర్ట్‌లాండ్ నగరం 2016ల చట్టమే చేసింది: 1916ల గానీ అంతకు ముందు గానీ కట్టిన ఇండ్లను యంత్రంతోటి కూల్చద్దు, చేతితోటి విప్పాలె. తర్వాత దాన్ని 1940 దాకా కట్టిన ఇండ్లకు పెంచిన్రు. చేవగల కట్టె మనకేం తక్కువున్నది?

మిడ్‌మానేరు ప్రాజెక్టు ముంపుల కొదురుపాక, అనుపురం, చింతల్‌ఠాణా, సంకెపల్లి అసొంటి ఊర్లు పోయినయి. ఊరు ఇడిచే నాడు ఇంటి దర్వాజ విప్పి ట్రాక్టర్ల పెట్టుకున్నోళ్లకు ఆ కట్టె ఇలువ ఒకలు చెప్పాలె?

అందుకే అడుగుతున్నం. ముంపుల, ఓపెన్‌కాస్టుల పోయే ఊర్లల్ల ఇల్లు ఖాళీ చేయించే ముందు కట్టె విప్పుకునే గడువియ్యాలె. పాత బడి, పాత తాలూకా కచ్చేరి కూల్చే టెండర్ల దూలాలు, దర్వాజలు లెక్కబెట్టి రాయాలె, అవి కొత్త బడి బెంచీలు కావాలె. పాత ఇంటి కట్టె పర్మిటు మండలంలనే దొరకాలె. ఊరికొక రేకుల కొట్టం ఉండాలె, విప్పిన కట్టె వానకు తడవకుండ.

మీ వాడకట్టుల ఏ ఇల్లు కూలుతదని తెలిసినా ఒక రోజు ముందు వడ్లాయనను ఎంట తీసుకొని పోండి. సుత్తె మరువకండి.

ఇట్లు,
పాత జిల్లాల వడ్ల మేస్త్రీలు, వాళ్ల దోస్తులు

(చదివినంక పారెయ్యకండి, పక్కింటోళ్లకియ్యండి.)